ఒట్టు తీసి గట్టున పెట్టు: ప్రామిసుల వెనక కథ

"ప్రామిస్?" అని అడిగితే "ఒట్టు" అంటూ చేతిలో చెయ్యి వెయ్యడం, మాట తప్పాల్సొస్తే "ఒట్టు తీసి గట్టున పెట్టేశా" అని తప్పించుకోవడం మనందరికీ చిన్నప్పట్నుంచీ వచ్చిన విద్యే. ఇప్పుడు అదే ప్రామిస్‌తో కోడు రాసి జీతం తెచ్చుకుంటున్నాం. యాక్సియోస్ అనే లైబ్రరీతో ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్టు పంపితే వెంటనే మన చేతికొచ్చేది డేటా కాదు, ఒక ఒట్టు. "జవాబు వచ్చాక ఇస్తాను, రాకపోతే రాలేదని చెప్తాను" అని. ఈ వాక్యంలో రెండో సగం ఉంది చూశారూ, ఈ టపా దాని గురించే. ప్రామిస్ అనే ఆలోచన పుట్టి సుమారు 50 ఏళ్ళయ్యింది. అది బ్రౌజరు దాకా నడిచొచ్చేసరికి ఆ రెండో సగం దారిలో చాలాసార్లు జారిపడిపోయింది. ఎవరు జారవిడిచారో, ఎవరు వెతికి తెచ్చారో చెప్తాను.

అసింక్రనస్ అనే మాట పుస్తకాల్లో చదివి మనమేదో కొత్తది నేర్చుకున్నామనుకుంటాం గానీ, కాలవ కింద సేద్యం చేసేవాళ్ళకి ఇది అలవాటైన బతుకే. జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర ఒడ్డున రాజోలి అని ఊరుంది. చేనేత మగ్గాల ఊరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర వరదలో మునిగిన ఊరుగా చాలామందికి గుర్తుండొచ్చు. 2016లో మండల కేంద్రమయ్యింది. ఆ చుట్టుపక్కల పొలాలకి ఆర్డీఎస్ కాలవ దిక్కు, అంటే రాజోలిబండ మళ్ళింపు పథకం. (పేరు చూసి పొరబడకండి. రాజోలి వేరు, రాజోలిబండ వేరు. రాజోలిబండ ఆనకట్ట ఎగువన కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో ఉంది. మన రాజోలి దిగువన, సుంకేసుల బ్యారేజీకి చేరువలో ఉంది. పేపర్లు చదివి రెండూ ఒకటే అనుకునేవాళ్ళు బోలెడుమంది.)

ఈ కాలవ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి 42 కిలోమీటర్ల పైచిలుకు కర్ణాటకలోనే నడుస్తుంది. తెలంగాణ వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. బచావత్ ట్రిబ్యునలు ఇటువైపుకి రాసిచ్చిన వాటా 15.9 టీఎంసీలు. నదిలో సొంత ప్రవాహం లేని రోజుల్లో నీళ్ళు కావాలంటే ఇక్కడి ఇంజినీర్లు తుంగభద్ర బోర్డుకి ఇండెంటు పెట్టాలి. హోసపేట దగ్గరి డ్యాము నుంచి నదిలోకి నీళ్ళు వదుల్తారు. ఆ నీళ్ళు నదిలో నడిచి ఆనకట్ట చేరాలి, అక్కడ కాలవలోకి మళ్ళాలి, సరిహద్దు దాటాలి, డిస్ట్రిబ్యూటరీల్లోకి దిగాలి, అప్పుడు పొలానికి. ఇండెంటు పెట్టిన రోజున ఇంజినీరు చేతిలో ఉన్నది ఒక కాయితం. రైతు ఆ కాయితాన్ని నమ్మి నారు పోసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. నీళ్ళొచ్చేదాకా కూర్చుని కాలవ వంక చూస్తుండలేడుగా, దుక్కి దున్నుకుంటాడు, ఎరువు తోలుకుంటాడు. అంటే ఆ కాయితం మీద ఆధారపడి ముందుకెళ్తాడు.

మన భాషలో చెప్పాలంటే ప్రామిస్‌కి మూడు స్థితులు: పెండింగు, నెరవేరింది, తిరస్కరించారు. నీళ్ళు రావని ముందే చెప్తే రైతు ఆరుతడి పంటకి మారతాడు, లేదా బోరు చూసుకుంటాడు. అది కష్టమే గానీ బతకొచ్చు. వస్తాయనీ చెప్పకుండా, రావనీ చెప్పకుండా పెండింగులోనే ఉంటే? నారు ముదిరిపోతుంది. ఆర్డీఎస్ కింద పూర్తి వాటా అందదన్నది దశాబ్దాల నాటి గోడు. ఎగువన పూడిక, కాలవ గండ్లు, మధ్యలో మళ్ళింపులు, ఆనకట్ట మరమ్మతుల మీద రాష్ట్రాల మధ్య పేచీలు... కారణాలు చాలా ఉన్నాయి. వాటి సంగతి వేరే టపా రాయాలి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. తల దగ్గర పొలం ఉన్నవాడికి కాలవంటే నీళ్ళు, చివర పొలం ఉన్నవాడికి కాలవంటే ఎదురుచూపు.

ఇక బ్రౌజరు సంగతి. 1990ల్లో వెబ్‌పేజీకి ఎదురుచూడ్డం తప్ప వేరే పని తెలీదు. ఏ మీట నొక్కినా పేజీ మొత్తం పోయి, తెల్ల తెర వచ్చి, మళ్ళీ పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చేది. అప్పట్లో మన ప్రభుత్వ సేవలు కూడా కంప్యూటర్లోకొచ్చాయి: 1999 డిసెంబరులో హైదరాబాదులో ట్విన్స్ అని మొదలుపెట్టారు, 2001లో అది ఈసేవ అయ్యింది. కానీ అక్కడ కంప్యూటరు ముందు కూర్చునేది గుమాస్తా. కరెంటు బిల్లు కట్టేవాడు కౌంటరుకి ఇవతల నిలబడేవాడు. తెల్ల తెర వచ్చినా, సర్వరు పడిపోయినా "సర్వర్ డౌనండీ, సాయంత్రం రండి" అని నోటితో చెప్పే మనిషొకడు మధ్యలో ఉండేవాడు. ఆ గుమాస్తాని మనం తర్వాత తీసేశాం, సరే. ఆయన చెప్పే ఆ వాక్యం ఎవరు చెప్పాలో మాత్రం చాలా సైట్లు ఇంకా తేల్చుకోలేదు.

పేజీ మొత్తం పోకుండా వెనకాల నుంచి సర్వరుని అడిగే ఉపాయం మైక్రోసాఫ్టులో పుట్టింది. ఔట్‌లుక్‌ని బ్రౌజరులో చూపించాలనుకున్న జట్టులో అలెక్స్ హాప్‌మన్ అనే ఆయన దీన్ని రాశారు. 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికొచ్చింది. దాని పేరు ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీ. ఎక్స్ఎంఎల్‌తో దానికి పెద్ద సంబంధం లేదు, ఎక్స్ఎంఎల్ లైబ్రరీ సంచీలో పెట్టి పంపితే గానీ ఆ విడుదలలో చోటు దొరకలేదు కాబట్టి ఆ పేరు. (ఆఫీసుల్లో పనులు ఎలా అవుతాయో తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు.) మొజిల్లా వాళ్ళు దాన్ని అనుకరించి ఎక్స్ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ అన్నారు. 2004లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాయి. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి ఎజాక్స్ అని పేరు పెట్టేసరికి, ఊరూ పేరూ లేని పిల్లాడికి బారసాల జరిగినట్టయ్యింది.

తెలుగువాళ్ళకి ఎజాక్స్ చేతికి తగిలింది తెలుగు టైపు చేసేటప్పుడని నా అభిప్రాయం. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు పడుతుంది. అది పూర్తిగా బ్రౌజరులోనే, నియమాల ప్రకారం మార్చేస్తుంది. పేజీ ఒకసారి తెరుచుకున్నాక నెట్టు తీగ పీకేసినా దానికి దిగుల్లేదు. ఆ తర్వాత గూగుల్ వాళ్ళ లిప్యంతరీకరణ వచ్చింది. దానికి స్పెల్లింగు పట్టింపు తక్కువ, మనం ఎలా కొట్టినా ఊహించి సరైన మాట ఇస్తుంది. కానీ ఊహించేది సర్వరు. పదం కొట్టి స్పేసు నొక్కితే వెనకాల ఒక రిక్వెస్టు వెళ్ళి, జవాబొచ్చాక ఇంగ్లీషు మాట తెలుగయ్యేది. నెట్టు మందగిస్తే ఆ మాట ఇంగ్లీషులోనే ఉండిపోయేది. అయితే ఆ లోపల మనం తర్వాతి మాట కొట్టుకుంటూ పోవచ్చు. అసింక్రనస్ అంటే ఇదన్నమాట. విఫలమైతే ఏమవ్వాలో కూడా అందులో తేలిపోయింది: మనం కొట్టింది మన దగ్గరే ఉంటుంది. చిన్న విషయమే, కానీ ఆ మర్యాద ఇవాళ్టి చాలా ఫారాల్లో లేదు.

ఈ వెనకాల రిక్వెస్టుకి జవాబొచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి అప్పట్లో కాల్‌బ్యాక్ ఇచ్చేవాళ్ళం. "ఇదిగో నా ఫోను నంబరు, పనయ్యాక కొట్టు" అన్నట్టు. ఒక్క పనైతే బాగానే ఉండేది. మొదటి జవాబు చూసి రెండో రిక్వెస్టు, రెండోది చూసి మూడోది అంటే కోడు మెట్లు మెట్లుగా కుడివైపుకి జరుగుతూ తెర దాటిపోయేది. అందరూ ఆ వికారాన్నే తిట్టారు. అసలు జబ్బు అది కాదు. మామూలు ఫంక్షను విఫలమైతే తప్పు దానంతటదే పైకి తేలుతుంది, పిలిచినవాడు పట్టుకోకపోతే వాణ్ణి పిలిచినవాడికి వెళ్తుంది. కాల్‌బ్యాకులో పైకి తేలడానికి పైన ఎవరూ లేరు. పిలిచినవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. తప్పు గాల్లో కలిసిపోతుంది.

దీనికి మందు మనకి జబ్బు రాకముందే తయారై ఉంది. ప్రామిస్ అనే మాటని 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ వాడారు. 1977లో హెన్రీ బేకర్, కార్ల్ హెవిట్ అలాంటిదాన్నే ఫ్యూచర్ అన్నారు. ఇవి ఎక్కువగా ఒకే యంత్రం లోపలి లెక్కల గురించి. మన అవసరానికి దగ్గరగా వచ్చింది 1988లో, ఎమ్మైటీ నుంచి బార్బరా లిస్కోవ్, ల్యూబా ష్రైరా రాసిన పేపరు. దూరంగా ఉన్న ఇంకో యంత్రాన్ని అడిగి, జవాబు కోసం ఆగకుండా ప్రామిస్ తీసుకుని ముందుకెళ్ళడం గురించి. వాళ్ళ ఉదాహరణ కూడా మన ఆఫీసు పనిలాగే ఉంటుంది: విద్యార్థుల గ్రేడులు డేటాబేసుకి పంపుతూ, వచ్చిన సగటుల్ని ఇంకోచోట ముద్రించుకోవడం. ఆ ప్రామిస్‌ని "క్లెయిమ్" చేస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. విలువ వస్తుంది, లేదా తప్పు వస్తుంది. "అవతలివాడు ప్రస్తుతం దొరకట్లేదు" అన్నది వేరే తప్పు, "ఇక ఇది జరగదు" అన్నది వేరే తప్పు. ఎన్ని రకాలుగా మాట తప్పొచ్చో టైపులోనే రాసి ఉండాలన్నారు. దూరపు యంత్రం జవాబివ్వకపోవడం అనేది వింత కాదు, మామూలు సంగతి అనే అవగాహన మీద కట్టిన ఇల్లది. మాట తప్పిన ప్రామిస్ మీద ఆధారపడినవన్నీ వరసగా తప్పాలి అన్న పద్ధతిని తర్వాత 1990ల్లో ఈ అనే భాషలో మార్క్ మిల్లర్ బృందం ఇంకా గట్టిపరిచింది.

బ్రౌజరుకి ఇదెలా చేరిందో సరదాగా ఉంటుంది. పైథానులో ట్విస్టెడ్ అనే నెట్‌వర్కు లైబ్రరీకి డిఫర్డ్ అని ఒకటుండేది. 2005లో బాబ్ ఇపోలిటో దాన్ని జావాస్క్రిప్టులోకి తెచ్చి మోచికిట్ రాశారు. మోచికిట్‌లో రిక్వెస్టు పంపితే డిఫర్డ్ చేతికొచ్చేది. దానికి కాల్‌బ్యాకుతోపాటు ఎర్‌బ్యాక్ ఉండేది, వద్దనుకుంటే రద్దు చేసే మీట కూడా ఉండేది. అంటే ఎజాక్స్ అనే పేరు పుట్టిన ఏడాదే ప్రామిస్ ఇచ్చే హెచ్‌టీటీపీ క్లయింటు ఉంది! ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2006లో జేక్వెరీ వచ్చి ఊరంతా ఊడ్చుకుపోయింది. అందులో రిక్వెస్టు రాయడం ఎంత తేలికంటే, సక్సెస్ అనే ఒక్క ఫంక్షను ఇచ్చేస్తే చాలు. ఎర్రర్ ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. మన తరం వెబ్ డెవలపర్లు అలవాటుపడ్డది దీనికే. ఆ అలవాటు లైబ్రరీలు మారినా పోలేదు.

2011 జనవరిలో జేక్వెరీ 1.5 కూడా డిఫర్డ్ తెచ్చింది. పైకి ప్రామిస్‌లాగే ఉండేది. కానీ మీరిచ్చిన ఫంక్షను లోపల తప్పు విసిరితే దాన్ని తర్వాతి మెట్టుకి అందించేది కాదు. జారిపడ్డ రెండో సగం అంటే ఇదే. 2012లో డొమెనిక్ డెనికోలా ఒక వ్యాసం రాసి, ప్రామిసులంటే కాల్‌బ్యాకులు పేర్చుకునే గూడు కాదు, విలువ తిరిగిరావడం, తప్పు పైకి తేలడం అనే రెండు గుణాల్నీ అసింక్రనస్ కోడుకి తిరిగివ్వడం అని వాదించారు. 2009లో క్రిస్ జిప్ కామన్‌జేఎస్‌లో పెట్టిన ప్రతిపాదనని సవరించి ప్రామిసెస్/ఏ ప్లస్ అని రాసుకున్నారు. 2015 జూన్‌లో ప్రామిస్ జావాస్క్రిప్టు భాషలోనే భాగమయ్యింది. జేక్వెరీ తన డిఫర్డ్‌ని దారిలో పెట్టుకునేసరికి 2016, మూడో వెర్షను. అప్పటికి అతిథులు భోంచేసి వెళ్ళిపోయారు.

ఆ వెళ్ళినవాళ్ళలో చాలామంది యాక్సియోస్ దగ్గరికి వెళ్ళారు. 2014లో మ్యాట్ జబ్రిస్కీ మొదలుపెట్టారు. యాంగులర్‌లో ఉన్న హెచ్‌టీటీపీ సేవని చూసి, అది యాంగులర్ లేకుండా కూడా దొరకాలని. 2016 నవంబరులో వ్యూ వాళ్ళు తమ సొంత లైబ్రరీని సిఫారసు చెయ్యడం మానేసి యాక్సియోస్ వైపు చూపించేసరికి దాని దశ తిరిగింది. ఎనిమిదేళ్ళు సున్నా పాయింటు వెర్షన్లలోనే నడిచి 2022 అక్టోబరులో 1.0 అయ్యింది. కోట్ల పేజీలు దాని మీద నడుస్తుంటే అది మాత్రం "ఇంకా నేను తయారవలేదండీ" అంటూ ఉండటం! ఇంకో తమాషా ఏంటంటే, బ్రౌజరులో ఇవాళ్టికీ అది ఏమీ చెప్పకపోతే వాడేది ఆ 1999 నాటి సరుకునే. ఫెచ్‌తో నడిచే దారి 2024లో గానీ చేరలేదు.

2015 నుంచి బ్రౌజరుల్లో ఫెచ్ ఉండగా ఇదెందుకు అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. కొంతవరకు న్యాయమే. కానీ ఒక తేడా చూడండి. సర్వరు 404 అన్నా, 500 అన్నా ఫెచ్ దృష్టిలో ఒట్టు నిలబడ్డట్టే, జవాబంటూ వచ్చింది కాబట్టి. నెట్టు తెగితేనే అది తిరస్కరిస్తుంది. యాక్సియోస్ 200ల్లో లేని ఏ జవాబునైనా తిరస్కారం కిందే లెక్కేస్తుంది. సిద్ధాంతంగా చూస్తే ఫెచ్ చెప్పేది రైటు. కానీ తొందరలో కోడు రాసే మనిషి ఏం మర్చిపోతాడో యాక్సియోస్‌కి తెలుసు. నా ఓటు దానికే.

అలాగని యాక్సియోస్‌ని నెత్తిన పెట్టుకోను. అది ఏమీ చెప్పకపోతే పెట్టే టైమౌటు సున్నా, అంటే తన వైపు నుంచి గడువే లేదు. నోడ్‌లో పట్టుకోని తిరస్కారాలు చాలాకాలం ఒక హెచ్చరిక ముద్రించి ఊరుకునేవి. 2020 అక్టోబరులో 15వ వెర్షను వచ్చాకే ప్రోగ్రాముని ఆపేయడం మొదలైంది. బ్రౌజరులో అయితే ఇప్పటికీ కన్సోలులో ఒక ఎర్ర గీత, అంతే. కన్సోలు తెరిచి చూసే రైతు ఎవరండీ?

ఇది హైదరాబాదులో ఫైబరు మీద పరీక్షించే మనకి కనపడదు. మనం కాలవ తల దగ్గరున్నాం. మన రంగంలో కూడా దీనికి తోక అనే పేరే ఉండటం చూసి నేను ఆశ్చర్యపోయాను. 2013లో జెఫ్ డీన్, లూయిజ్ బరోసో తోక లేటెన్సీ గురించి రాశారు: ఒక్క సర్వరు నూటికొకసారి ఆలస్యం చేసినా, ఒకే పేజీ వందమంది సర్వర్లని అడగాల్సొస్తే నూటికి 63 సార్లు ఆ ఆలస్యం తగులుతుంది. సగటు చూసి సంతోషిస్తే తోక కనపడదు. కాలవ ఇంజినీర్లు టెయిల్ ఎండ్ ఆయకట్టు అనేది కూడా ఇదే. తల దగ్గర తూములో నీళ్ళ మట్టం కొలిచి చివరి పొలం తడిసిందని రాసుకోకూడదు.

రాజోలి లాంటి ఊళ్ళో ఒక చేనేత కార్మికుడో రైతో ఫోనులోనో, మీసేవ కేంద్రంలోనో ఒక ఫారం నింపి ఫీజు కట్టాడనుకోండి. డబ్బులు పోయాయి. తెర మీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ప్రామిస్ పెండింగు. అతని ముందున్న ప్రశ్న ఒక్కటే: మళ్ళీ కట్టాలా? ఆ ప్రశ్నకి దెన్, క్యాచ్ ఏవీ జవాబు చెప్పవు. టైమౌటు పెడితే చక్రం ఆగుతుంది గానీ, సర్వరు దగ్గర పనయ్యిందో లేదో తెలీదు. రద్దు మీట కూడా అంతే. ప్రామిసులకి రద్దు చేర్చాలన్న ప్రతిపాదనని 2016లో వెనక్కి తీసుకున్నారు. 2017లో అబార్ట్ కంట్రోలర్ అనే వేరే దారి బ్రౌజరుల్లోకి వచ్చింది, తర్వాత యాక్సియోస్ కూడా అందులో కలిసింది. అది ఆపేది మన ఎదురుచూపుని మాత్రమే. సర్వరు అప్పటికే డబ్బు తీసుకుని ఉంటే వెనక్కి ఇప్పించదు. డ్యాములో వదిలిన నీళ్ళు ఇండెంటు చింపేస్తే వెనక్కి వెళ్ళనట్టు.

దీనికి మందు కూడా పాతదే. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2616లోనే రాసుంది: గెట్, పుట్, డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే ఉండాలి, పోస్ట్‌కి ఆ హామీ లేదు. ఫీజు కట్టడం పోస్ట్. కాబట్టి ప్రతి లావాదేవీకీ బ్రౌజరే ముందుగా ఒక నంబరు పుట్టించి, రిక్వెస్టుతో కలిపి పంపాలి. అదే నంబరుతో రెండోసారి వస్తే సర్వరు మళ్ళీ డబ్బు తియ్యకుండా మొదటి జవాబునే ఇవ్వాలి. అప్పుడు యాక్సియోస్ ఇంటర్‌సెప్టరులో మళ్ళీ ప్రయత్నించే నాలుగు లైన్లు ధైర్యంగా రాసుకోవచ్చు. ఆ నంబరు లేకుండా రీట్రై పెట్టినవాళ్ళ సైట్లు చూశాను (పేర్లు వద్దు). రెండుసార్లు కట్ అయిన డబ్బు కోసం వారాల తరబడి మెయిళ్ళు రాశాను. నాకు మెయిలు రాయడం వచ్చు కాబట్టి సరిపోయింది. యూపీఐ వచ్చాక "పెండింగు" అనే మాటని తెర మీద పచ్చిగా చూపించడం, దానికో రిఫరెన్సు నంబరు ఇవ్వడం మామూలయ్యింది. కూరగాయలమ్మే అవ్వకి కూడా ఇప్పుడు ఆ మూడు స్థితులూ తెలుసు. లిస్కోవ్ పేపరుకి ఇంతకంటే పెద్ద ప్రచారం జరిగుండదు.

ఆర్డీఎస్ చివరి ఆయకట్టుకి కూడా ఒక ఫాల్‌బ్యాక్ కట్టారు. రాజోలి మండలంలోనే తుమ్మిళ్ల దగ్గర. 143 కిలోమీటర్ల కాలవ చివరికి నీళ్ళెప్పుడొస్తాయా అని చూడకుండా, పక్కనే ఉన్న తుంగభద్రలో సుంకేసుల వెనక నిలిచిన నీళ్ళని మోటార్లతో ఎత్తి కాలవలో పోయడం. 2018లో మొదటి దశ నడిచింది. లక్ష్యం 55,600 ఎకరాలు. మన దగ్గర ఎడ్జ్ సర్వరు పెట్టినట్టే: దూరం తగ్గింది, మధ్యలో చేతులు మారడం తగ్గింది. కానీ సుంకేసులకి నీళ్ళు రావాల్సిందీ ఆ తుంగభద్రలోంచే, దాని మీద అవతలి ఒడ్డు కేసీ కాలవకీ హక్కుంది. నదిలో ప్రవాహం ఆగిన ఎండాకాలంలో మోటార్లు పైకెత్తడానికి ఏముంటుంది? అప్పుడు మళ్ళీ హోసపేటకి ఇండెంటే.